మొబైల్ గేట్‌వేలో ప్యాకెట్ల వేగం పెంచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

టెలికాం కోర్ (ఫోన్ టవర్లకూ ఇంటర్నెట్‌కూ మధ్య ఉండే భాగం) పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో ఈ పని చేసే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. టీ దగ్గర మాట్లాడుకునేది తెలుగులోనే అయినా రాసుకునేదంతా ఇంగ్లిష్‌లో. ఆ మాటల్నే ఇక్కడ ఒకచోట కూర్చాను. ఇందులో చెప్పేదంతా మామూలు ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల) సర్వర్ల మీద నడిచే 4జీ, 5జీ గేట్‌వే సాఫ్ట్‌వేర్ గురించి.

గేట్‌వే అంటే ఏది? రూటర్ చేసే పనే కదా ఇదీ?

3జీ రోజుల్లో జీజీఎస్ఎన్ అనేవాళ్లు, 4జీలో ఎస్‌గేట్‌వే, పీగేట్‌వే, 5జీలో యూపీఎఫ్. పేరు మారినా పని ఒకటే. టవర్ వైపు నుంచి టన్నెల్‌లో, అంటే ఇంకో ప్యాకెట్ లోపల చుట్టి, వచ్చిన ప్యాకెట్‌ని విప్పి ఇంటర్నెట్‌కు పంపాలి. ఇంటర్నెట్ నుంచి వచ్చినదాన్ని సరైన ఫోన్ టన్నెల్‌లో చుట్టి టవర్‌కు పంపాలి. ఆ టన్నెల్ పేరు జీటీపీ-యూ. యూడీపీ పోర్ట్ 2152 మీద నడుస్తుంది. దాని హెడర్‌లో టీఈఐడీ అని 32 బిట్ల నంబర్ ఉంటుంది. ప్యాకెట్ ఏ సెషన్‌దో, అంటే ఏ ఫోన్ కనెక్షన్‌దో, చెప్పేది అదే.

రూటర్ అయితే గమ్యం అడ్రస్ చూసి దారి పట్టిస్తే సరిపోతుంది. గేట్‌వేకి అలా కుదరదు. ఈ ప్యాకెట్ ఎవరిదో గుర్తుపట్టాలి, ఏ రూల్ కిందకు వస్తుందో వెతకాలి, స్పీడ్ పరిమితి దాటిందేమో చూడాలి, ఎంత డేటా వాడారో లెక్క రాయాలి. ఆ తర్వాతే పంపాలి. 5జీ భాషలో గుర్తుపట్టే రూల్ పీడీఆర్, స్పీడ్‌ది క్యూఈఆర్, వాడకం లెక్కది యూఆర్ఆర్, పంపేది ఎఫ్ఏఆర్. రోజుకు ఇన్ని జీబీలు అనే ప్లాన్ అయిపోగానే ఫోన్‌లో నెట్ నెమ్మదిస్తుంది చూడండి, ఆ కొలత జరిగేది ఇక్కడే.

మొబైల్ ప్రమాణాలు రాసే సంస్థ 3జీపీపీ. దాని రిలీజ్ 14లో కంట్రోల్ పనినీ (సెషన్లు పెట్టడం, తీయడం) యూజర్ డేటా పనినీ విడదీశారు. రెండింటి మధ్య మాటలు పీఎఫ్‌సీపీ అనే ప్రోటోకాల్‌తో నడుస్తాయి. ఈ పేజీలో ఎక్కువగా యూజర్ డేటా వైపు సంగతే.

ఒక్కో ప్యాకెట్‌కు ఎంత టైమ్ దొరుకుతుంది?

10 గిగాబిట్ లింక్ మీద 64 బైట్ల చిన్న ఫ్రేమ్‌లు ఆపకుండా వస్తే సెకనుకు 1 కోటి 48 లక్షల 80 వేలు వస్తాయి. ఒక్కోదానికి దొరికేది 67.2 నానోసెకన్లు. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ మీద సుమారు 200 సైకిళ్లు (ప్రాసెసర్ గడియారపు టిక్కులు). అదే 100 గిగాబిట్ అయితే 6.72 నానోసెకన్లు, అంటే 20 సైకిళ్లు.

నిజం నెట్‌వర్క్‌లో అన్నీ చిన్న ప్యాకెట్లే రావు. సగటున 700 బైట్ల ఫ్రేమ్ అనుకుందాం. 100 గిగాబిట్ నిండా వస్తే సెకనుకు సుమారు 1 కోటి 74 లక్షల ప్యాకెట్లు. ప్రాసెసర్‌లోని పది కోర్లు పంచుకుంటే ఒక్కో కోర్‌కు ప్యాకెట్‌కు 576 నానోసెకన్లు, ఇంచుమించు 1,700 సైకిళ్లు దొరుకుతాయి. వినడానికి బోలెడు ఉన్నట్టే అనిపిస్తుంది. అందులో ఎంత వృథా అవుతుందో చూస్తే అలా అనిపించదు.

ప్రాసెసర్ కొత్తదే, కోడ్ కూడా చిన్నదే. మరి టైమ్ ఎక్కడ పోతోంది?

నన్ను ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పమంటే దీనికే చెబుతాను. గేట్‌వేలో టైమ్ లెక్కలు వేయడంలో పోదు, మెమరీ కోసం ఎదురుచూడటంలో పోతుంది.

ప్రాసెసర్ లోపల ఉండే చిన్న, వేగమైన మెమరీ పేరు క్యాష్. దగ్గరిది ఎల్1, దూరంది ఎల్3. ఎల్1 క్యాష్‌లో ఉన్న డేటా నాలుగైదు సైకిళ్లలో చేతికొస్తుంది. ఎల్3లో ఉంటే కొన్ని పదుల సైకిళ్లు. అక్కడా లేక బయటి మెమరీ డీర్యామ్ దాకా వెళ్లాల్సి వస్తే 80 నుంచి 100 నానోసెకన్లు, అంటే దాదాపు 300 సైకిళ్లు. పైన వేసిన లెక్కలో మన దగ్గరున్నది 1,700. ప్యాకెట్‌కు ఆరుసార్లు డీర్యామ్‌కు వెళ్తే చాలు, ఏ పనీ మొదలుపెట్టకుండానే టైమ్ అయిపోయింది.

ఆరుసార్లు ఎందుకు వెళ్తుంది? 10 లక్షల సెషన్లున్న గేట్‌వే అనుకోండి. ఒక్కో సెషన్ వివరాలకు 512 బైట్లు పెట్టినా 51 కోట్ల బైట్లు దాటుతుంది. ఎల్3 క్యాష్ చాలా సర్వర్లలో పదుల మెగాబైట్లే. తర్వాత వచ్చే ప్యాకెట్ ఏ ఊళ్లో ఏ ఫోన్‌దో ముందుగా తెలియదు కాబట్టి, దాని సెషన్ క్యాష్‌లో ఉండే అవకాశం తక్కువ. నంబర్‌ని బట్టి సెషన్ వెతికే హ్యాష్ టేబుల్‌లో ఒక మిస్ (క్యాష్‌లో దొరకకపోవడం), సెషన్‌కు ఒకటి, రూల్‌కు ఒకటి, స్పీడ్ పరిమితి వివరాలకు ఒకటి, కౌంటర్‌కు ఒకటి. అలా లెక్క పెరిగిపోతుంది.

అందుకే మొదట చూడాల్సింది సెషన్ స్ట్రక్చర్‌ని మెమరీలో ఎలా పేర్చారన్నది. క్యాష్‌లోకి ఒకసారికి వచ్చే ముక్క, అంటే క్యాష్ లైన్, ఎక్స్86 మీద 64 బైట్లు. ప్రతి ప్యాకెట్‌కూ కావలసినవి, అంటే టన్నెల్ నంబర్, అవతలి ఐపీ, ఏం చేయాలన్న నిర్ణయం, స్పీడ్ పరిమితి టోకెన్లు, బైట్ల కౌంటర్లు మొదటి ఒకటి రెండు లైన్లలోనే సర్దాలి. ఐఎంఎస్ఐ (సిమ్ గుర్తింపు నంబర్), ఏపీఎన్ (ఫోన్ చేరే నెట్‌వర్క్) పేరు, ఛార్జింగ్ ఐడీ లాంటివి సెషన్ పెట్టేటప్పుడూ తీసేసేటప్పుడూ తప్ప అక్కర్లేదు. వాటిని చివరికి నెట్టేయాలి. నేను మొదట చూసిన కోడ్‌లో ఐఎంఎస్ఐ స్ట్రింగ్, ఏపీఎన్ పేరు స్ట్రక్చర్ మొదట్లోనే కూర్చుని ఉన్నాయి. కౌంటర్లేమో ఏడో లైన్‌లో. అల్గారిదమ్ ముట్టుకోకుండా ఫీల్డులు అటూ ఇటూ మార్చితేనే తేడా కంటికి కనిపించింది.

మెమరీని పంచే పేజీల సైజు కూడా ఇందులో భాగమే. 4 కేబీ పేజీలతో అంత పెద్ద టేబుల్‌ని నడిపితే అడ్రస్ అనువాదాలు గుర్తుంచుకునే టీఎల్‌బీ చాలదు. 2 ఎంబీ లేదా 1 జీబీ హ్యూజ్‌పేజీలు పెట్టుకోవడం ఇక్కడ తప్పనిసరి అనుకోండి.

లైనక్స్ కెర్నల్ ద్వారా వెళ్తే ఏం నష్టం? అందరూ డీపీడీకే అంటారెందుకు?

ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నల్‌లోని నెట్‌వర్క్ స్టాక్ అందరి అవసరాలకూ కట్టింది. ప్రతి ప్యాకెట్‌కూ ఎస్‌కేబఫ్ అనే పెద్ద స్ట్రక్చర్ కేటాయించాలి, ఇంటరప్ట్ (కార్డు పిలుపు) రావాలి, దాని మిగతా పని చేసే సాఫ్ట్ ఐఆర్‌క్యూ నడవాలి, ఫిల్టర్లు దాటాలి, ఆపైన యూజర్ ప్రోగ్రామ్‌కు కాపీ కావాలి. ఓపెన్5జీఎస్ అనే ఓపెన్ సోర్స్ మొబైల్ కోర్‌లోని యూపీఎఫ్ తీసుకోండి. ఫోన్ నుంచి వచ్చిన ప్యాకెట్‌ని యూడీపీ సాకెట్‌లో చదివి, విప్పి, టన్ డివైస్‌లో (కెర్నల్‌లోని ఉత్తుత్తి నెట్‌వర్క్ కార్డు) రాస్తుంది. అంటే కెర్నల్ గడప రెండుసార్లు దాటాలి. నేర్చుకోవడానికి, ల్యాబ్‌లో కాల్ కలిసిందా లేదా చూడటానికి అది చక్కటి సాఫ్ట్‌వేర్. పదుల గిగాబిట్లు మోయడానికి కాదు.

డీపీడీకే అనే లైబ్రరీల సెట్ కెర్నల్‌ని పక్కన పెట్టి నెట్‌వర్క్ కార్డునే నేరుగా యూజర్ ప్రోగ్రామ్ చేతిలో పెడుతుంది. ఇంటరప్ట్‌లు ఉండవు. కోర్ ఆగకుండా కార్డు రింగ్‌ని (వచ్చిన ప్యాకెట్లు వరసగా నిలిచే చోటు) చూస్తూనే ఉంటుంది. బఫర్లన్నీ ముందే హ్యూజ్‌పేజీల్లో కేటాయించి ఉంటాయి. 2010లో ఇంటెల్‌లో మొదలైన ఈ పని 2017లో లైనక్స్ ఫౌండేషన్ కిందకు వచ్చింది.

మరి ఎక్స్‌డీపీ? కెర్నల్‌లోనే ఉంటూ వేగం రాదా?

వస్తుంది, చాలా సందర్భాలకు సరిపోతుంది కూడా. లైనక్స్ 4.8లో వచ్చిన ఎక్స్‌డీపీ, డ్రైవర్ దగ్గరే, ఎస్‌కేబఫ్ తయారు కాకముందే ఈబీపీఎఫ్ ప్రోగ్రామ్‌ని (కెర్నల్ లోపల నడిచే మన చిన్న కోడ్) నడుపుతుంది. 4.18 నుంచి, ప్యాకెట్లను నేరుగా యూజర్ ప్రోగ్రామ్‌కు ఇచ్చే ఏఎఫ్-ఎక్స్‌డీపీ సాకెట్ కూడా ఉంది. ఇక 4.7లో చేరిన జీటీపీ మాడ్యూల్ కెర్నల్‌లోనే టన్నెల్ విప్పి చుడుతుంది.

ఒక ఫ్యాక్టరీలోనో క్యాంపస్‌లోనో పెట్టే చిన్న ప్రైవేట్ 5జీకి నేనైతే ఎక్స్‌డీపీనే తీసుకుంటాను. కార్డు కెర్నల్ చేతిలోనే ఉంటుంది, మామూలు టూల్స్ అన్నీ పనిచేస్తాయి, ట్రాఫిక్ లేనప్పుడు కోర్లు ఖాళీగా ఉంటాయి. ఆ కోడ్ సురక్షితమో కాదో చూసే ఈబీపీఎఫ్ వెరిఫయర్ పెట్టే పరిమితుల్లో క్లిష్టమైన ఛార్జింగ్ రూల్స్ రాయడం మాత్రం కష్టం. ఫోన్ నిద్రలో ఉన్నప్పుడు దానికొచ్చే ప్యాకెట్లను పేజింగ్ (ఫోన్‌ని లేపే పిలుపు) పూర్తయ్యేదాకా దాచిపెట్టడం కూడా అక్కడ సులువు కాదు. లక్షల సెషన్లు, వందల గిగాబిట్లు అన్నప్పుడు డీపీడీకే లేదా దాని మీద నడిచే ప్యాకెట్ సాఫ్ట్‌వేర్ వీపీపీ వైపే వెళ్తారు.

ప్యాకెట్లను ఒక్కొక్కటిగా కాక బ్యాచ్‌గా తీసుకుంటే ఎందుకు వేగం పెరుగుతుంది?

పెళ్లిలో బంతి భోజనం గుర్తు చేసుకోండి. పప్పు గిన్నె పట్టుకున్న మనిషి వరస మొత్తానికి పప్పు వడ్డించుకుంటూ పోతాడు. వెనకే కూర మనిషి, ఆ వెనక పులుసు మనిషి. ఒక్కొక్కరి దగ్గరా ఆగి, వంటింట్లోకి వెళ్లి, ఒక్కో గిన్నే తెచ్చి, విస్తరి నిండాక పక్కవారి దగ్గరికి వెళ్తే ఆ బంతి సాయంత్రానికి కూడా లేవదు.

వీపీపీ నడిచేది ఇలాగే. 256 వరకు ప్యాకెట్లను ఒక వరసగా తీసుకుని, అన్నింటికీ టన్నెల్ విప్పడం చేసి, ఆ తర్వాత అన్నింటికీ సెషన్ వెతకడం చేస్తుంది. ఒక పని కోడ్ ఇన్‌స్ట్రక్షన్ క్యాష్‌లోకి ఒకసారి వస్తే వరసంతటికీ పనికొస్తుంది. డీపీడీకే ప్రోగ్రామ్‌లలో మామూలుగా 32 ప్యాకెట్ల బర్స్ట్ తీసుకుంటారు.

అసలు లాభం ప్రీఫెచ్‌లో, అంటే డేటాని ముందే క్యాష్‌లోకి తెప్పించుకోవడంలో ఉంది. చేతిలో 32 ప్యాకెట్లు ఉన్నాయంటే 32 సెషన్లు కావాలని ముందే తెలుసు. ఒకదాని తర్వాత ఒకటి వెతికితే 32 సార్లు 90 నానోసెకన్లు చొప్పున ఆగాలి. ముందే అన్నింటి అడ్రస్‌లు లెక్కకట్టి ప్రీఫెచ్ వేస్తే, మెమరీ కంట్రోలర్ వాటిలో చాలావాటిని ఏకకాలంలో తెస్తుంది. మొదటి ప్యాకెట్ పనికి వచ్చేసరికి దాని సెషన్ క్యాష్‌లో ఉంటుంది. ఆలస్యం పోలేదు, ఇంకో పని వెనక దాక్కుంది. హ్యాష్ లైబ్రరీలో బల్క్ లుకప్ ఉంటే అదే వాడండి, లూప్ పెట్టి ఒక్కొక్కటీ వెతకొద్దు.

అలాగని కోర్ 32 నిండేదాకా వేచి ఉండకూడదు. ఎన్ని దొరికితే అన్నే తీసుకుని ముందుకెళ్లాలి. ట్రాఫిక్ తక్కువున్నప్పుడు బ్యాచ్ చిన్నదై ఆలస్యం తగ్గుతుంది, ఎక్కువైతే బ్యాచ్ పెద్దదై సామర్థ్యం పెరుగుతుంది.

16 కోర్లు ఇచ్చాం. ఒక్క కోర్ మాత్రమే ఉక్కిరిబిక్కిరి అవుతోంది, మిగతావి ఖాళీ. ఎందుకు?

ఇది గేట్‌వేకే ప్రత్యేకమైన జబ్బు. మొదటిసారి చూసినప్పుడు నాకూ రెండు రోజులు అర్థం కాలేదు. ఒక్క క్యూ డ్రాప్ కౌంటర్ గిరగిరా తిరుగుతోంది, పక్కనున్న పదిహేను క్యూలు సున్నా దగ్గరే.

నెట్‌వర్క్ కార్డు ప్యాకెట్లను క్యూలకు పంచేది ఆర్ఎస్ఎస్ అనే పద్ధతితో. అడ్రస్‌లు, పోర్ట్‌లు కలిపి హ్యాష్ కట్టి క్యూ ఎంచుకుంటుంది. ఇంటర్నెట్ వైపు నుంచి వచ్చేవాటికి లక్షల అడ్రస్‌లు ఉంటాయి కాబట్టి చక్కగా చెదురుతాయి. టవర్ వైపు నుంచి వచ్చేవన్నీ టన్నెల్‌లో ఉంటాయి. కార్డుకు కనిపించేది బయటి హెడరే. అందులో ఒక చివర టవర్ ఐపీ, ఇంకో చివర గేట్‌వే ఐపీ, పోర్ట్ 2152. ఆ టవర్ కింద వెయ్యి ఫోన్లున్నా కార్డుకు అంతా ఒకే ఫ్లో (ఒకే రెండు చివరల మధ్య నడిచే ప్యాకెట్ల వరస). ల్యాబ్‌లో అయితే మరీ ఘోరం, టవర్ సిమ్యులేటర్ ఒక్కటే ఉంటుంది కాబట్టి మొత్తం ట్రాఫిక్ ఒకే క్యూలో పడుతుంది.

దారులు కొన్ని ఉన్నాయి. అన్నింటికన్నా మంచిది, లోపలి హెడర్ చూసి హ్యాష్ కట్టగల కార్డు. ఇంటెల్ 700 సిరీస్ కార్డులకు డీడీపీ అనే ప్రొఫైల్ లోడ్ చేస్తే జీటీపీని అర్థం చేసుకుంటాయి, ఈ810 కార్డులకు కామ్స్ ప్యాకేజీ ఉంది. అప్‌లింక్‌లో (ఫోన్ నుంచి వచ్చేదాంట్లో) లోపలి సోర్స్ అడ్రస్, డౌన్‌లింక్‌లో (ఫోన్‌కు వెళ్లేదాంట్లో) గమ్యం అడ్రస్, రెండూ ఫోన్ ఐపీయే. ఆ రెండింటికీ ఒకే క్యూ వచ్చేలా హ్యాష్ కీ సరిచేసుకుంటే ఒక చందాదారు ట్రాఫిక్ రెండు వైపులా ఒకే కోర్ మీదకు వస్తుంది. అప్పుడు ఆ సెషన్‌ని ముట్టుకునేది ఒక్క కోరే. కోర్లు ఒకదాని రాత ఇంకొకటి చెరపకుండా పెట్టే లాక్‌లు అక్కర్లేదు, కౌంటర్లకు అటామిక్ ఆపరేషన్లు అక్కర్లేదు. ఇది దొరికితే వదులుకోకండి.

కార్డుకు ఆ తెలివి లేకపోతే గేట్‌వేకు ఒక ఐపీ బదులు 8 లేదా 16 ఐపీలు పెట్టి, సెషన్లను వాటి మధ్య పంచండి. టన్నెల్ చివర ఏ ఐపీ అన్నది సెషన్ పెట్టేటప్పుడు మనవైపే నిర్ణయించేది కాబట్టి టవర్‌లో ఏమీ మార్చనక్కర్లేదు. చౌకైన ఉపాయం, బాగా పనిచేస్తుంది. అవతలివాళ్లు సోర్స్ పోర్ట్‌ని మారుస్తూ పంపినా సాయమే, ప్రమాణం అందుకు ఒప్పుకుంటుంది. ఇవేవీ కుదరకపోతే ఒకటి రెండు కోర్లను పంచిపెట్టే పనికి కేటాయించాలి. కానీ మొత్తం గేట్‌వే వేగం ఆ కోర్ల వేగం దగ్గరే ఆగిపోతుంది.

ఇళ్లకు 5జీ వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక ఏం మారింది?

ఒకే చందాదారు మోసే భారం మారింది. 2023 సెప్టెంబర్‌లో జియో ఎయిర్‌ఫైబర్ హైదరాబాద్‌తో కలిపి 8 నగరాల్లో మొదలైంది. అంతకు కొద్ది వారాల ముందు ఎయిర్‌టెల్ ఢిల్లీ, ముంబైలలో ఇలాంటిదే తెచ్చింది. ఇంట్లో టీవీ, ల్యాప్‌టాప్‌లు, పిల్లల ఫోన్లు అన్నీ ఒకే సెషన్ వెనక ఉంటాయి. గేట్‌వేకు అదంతా ఒక ఫోన్.

అలాంటివి మూడు నాలుగు హ్యాష్‌లో ఒకే కోర్ మీద పడితే, సాయంత్రం ఎనిమిదింటికి ఆ కోర్ మునుగుతుంది, పక్కది తీరిగ్గా ఉంటుంది. ఆర్ఎస్ఎస్ వెనక ఒక చిన్న పట్టిక ఉంటుంది, ఏ హ్యాష్ విలువ ఏ క్యూకు అని. కొన్ని గళ్లను ఖాళీ కోర్‌కు మార్చొచ్చు. మార్చే క్షణంలో పాత కోర్ దగ్గర మిగిలిన ప్యాకెట్లు పూర్తయ్యాకే కొత్త కోర్ మొదలుపెట్టాలి, లేదంటే వరస తప్పుతుంది. వరస తప్పిన ప్యాకెట్లను టీసీపీ నష్టంగా లెక్కేసి వేగం తగ్గించుకుంటుంది. డ్రాప్ ఒక్కటీ లేదు, అయినా కస్టమర్ స్పీడ్ టెస్ట్ పడిపోయిందంటే నేను ముందు ఇక్కడే వెతుకుతాను.

కార్డు ఏ స్లాట్‌లో ఉందన్నది అంత ముఖ్యమా?

చాలా ముఖ్యం. రెండు సాకెట్ల సర్వర్‌లో ప్రతి స్లాట్ ఏదో ఒక ప్రాసెసర్‌కు దగ్గర. కార్డు ఒక సాకెట్ దగ్గర, వర్కర్ కోర్లు ఇంకో సాకెట్‌లో ఉంటే ప్రతి ప్యాకెట్ మధ్య వంతెన దాటాలి. కార్డు, కోర్లు, హ్యూజ్‌పేజీలు మూడూ ఒకే న్యూమా నోడ్‌లో (ఒక సాకెట్, దాని దగ్గరి మెమరీ) ఉండాలి. లైనక్స్ హార్డ్‌వేర్ వివరాలు చూపించే సిస్‌ఎఫ్‌ఎస్‌లో కార్డు కింద న్యూమా నోడ్ ఫైల్ చదివితే ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

ఒకసారి రెండు సర్వర్లు, అదే మోడల్, అదే సాఫ్ట్‌వేర్. ఒకటి ఎప్పుడూ వెనకబడేది. వారం రోజులు కంపైలర్ ఆప్షన్లు మార్చాం, బయోస్ పోల్చాం. చివరికి మూత తీసి చూస్తే కార్డు పక్క రైజర్‌లో, అంటే ఇంకో సాకెట్ వైపు స్లాట్‌లో ఉంది.

లైనక్స్ టాప్ కమాండ్‌లో అన్ని కోర్లూ 100 శాతం చూపిస్తున్నాయి. టెన్షన్ పడాలా?

అక్కర్లేదు. పోలింగ్ చేసే, అంటే రింగ్‌ని ఆగకుండా చూసే కోర్ ట్రాఫిక్ ఉన్నా లేకపోయినా 100 శాతమే చూపిస్తుంది. అది నిజం భారం కాదు. ఖాళీగా తిరిగే లూప్ వల్ల సైకిల్‌కు ఇన్ని ఇన్‌స్ట్రక్షన్లు అనే సంఖ్య కూడా గొప్పగా కనిపించి మోసం చేస్తుంది.

చూడాల్సింది సగటు బర్స్ట్ సైజు. కోర్ రింగ్‌లోకి తొంగిచూసిన ప్రతిసారీ రెండు మూడు ప్యాకెట్లే దొరుకుతున్నాయంటే ఊపిరి ఆడుతోంది. ఎప్పుడూ నిండా 32 దొరుకుతున్నాయంటే అంచు మీద ఉంది. ఖాళీ పోల్స్ శాతం ఎంతో కూడా కౌంటర్ పెట్టుకోండి. విద్యుత్ ఖర్చు బాధ ఉంటే, ఖాళీ పోల్స్ పెరిగినప్పుడు కోర్‌ని కొద్ది సేపు నిద్రపుచ్చే పద్ధతులు డీపీడీకే పవర్ లైబ్రరీలో ఉన్నాయి.

అప్పుడప్పుడు కొన్ని వేల ప్యాకెట్లు పోతున్నాయి, మిగతా టైమ్ అంతా బాగుంది. రింగ్ సైజు పెంచితే సరిపోతుందా?

ముందు ఈ లెక్క చూడండి. ఒక క్యూకు సెకనుకు 20 లక్షల ప్యాకెట్లు వస్తున్నాయి, రింగ్‌లో 1,024 చోట్లున్నాయి. కోర్ అర మిల్లీసెకను చూడకపోతే రింగ్ నిండిపోతుంది. లైనక్స్ షెడ్యూలర్ ఆ కోర్ మీద ఇంకో ప్రాసెస్‌ని 4 మిల్లీసెకన్లు నడిపిందనుకోండి, ఆ కాసేపట్లో 8,000 ప్యాకెట్లు వస్తాయి, దాదాపు 7,000 నేలపాలు. మా ల్యాబ్‌లో సరిగ్గా ఐదు నిమిషాలకోసారి డ్రాప్స్ వచ్చేవి. గడియారం పట్టుకుని కూర్చుంటే దొరికింది, మానిటరింగ్ స్క్రిప్ట్ ఒకటి వర్కర్ కోర్ మీదే నడుస్తోంది.

కాబట్టి ముందు కోర్లను వేరుచేయండి. బూట్ లైన్‌లో ఐసోల్‌సీపీయూస్, నోహెచ్‌జడ్-ఫుల్, ఆర్‌సీయూ-నోసీబీఎస్ మూడూ పెట్టి, ఇంటరప్ట్‌లను వేరే కోర్లకు మళ్లించి, లోతైన సీ-స్టేట్‌లను (కోర్ నిద్ర స్థితులు) ఆపేయండి.

రింగ్ పెంచడం వల్ల నష్టం కూడా ఉంది. ఇంటెల్ సర్వర్లలో డీడీఐఓ అనే సదుపాయం వల్ల కార్డు ప్యాకెట్‌ని నేరుగా ఎల్3లోకి రాస్తుంది, కానీ అందుకు మామూలుగా ఎల్3లో చిన్న భాగమే ఇస్తారు. 8 క్యూలు, ఒక్కోదానికి 4,096 చోట్లు, ఒక్కో బఫర్ 2 కేబీ అంటే 64 ఎంబీ. అది ఎల్3లో పట్టదు. కోర్ చదివేలోపే ప్యాకెట్ డీర్యామ్‌లోకి వెళ్లిపోతుంది, మళ్లీ తెచ్చుకోవాలి. 4,096 నుంచి 1,024కు తగ్గిస్తే వేగం పెరగడం నేను చూశాను.

డ్రాప్ ఎక్కడ జరిగిందో కౌంటర్లే చెబుతాయి. ఐమిస్డ్ పెరిగితే కోర్ అందుకోలేకపోయింది. ఆర్ఎక్స్-నోఎంబఫ్ పెరిగితే బఫర్ల పూల్ ఖాళీ అయింది. రెండింటికీ మందు వేరు.

ఛార్జింగ్ రూల్స్, డీపీఐ (ప్యాకెట్ లోపల చూసి ఏ యాప్‌దో కనిపెట్టడం) ఆన్ చేయగానే వేగం సగానికి పడింది. ఏం చేయాలి?

ప్రతి ప్యాకెట్‌కూ రూల్స్ జాబితా పైనుంచి కిందిదాకా వెతుకుతున్నారేమో చూడండి. ఒక ఫ్లోలో మొదటి ప్యాకెట్ మాత్రమే ఆ జాబితా అంతా దాటాలి. జవాబుని ఫ్లో టేబుల్‌లో దాచుకుంటే తర్వాతివాటికి ఒక్క లుకప్ చాలు. డీపీఐ కూడా అంతే. వీడియోనా, చాటా అన్నది మొదటి కొన్ని ప్యాకెట్లలో తేలిపోవాలి, తర్వాత వాటిని విప్పి చూడటం దండగ. రూల్ మారినప్పుడు పాత ఫ్లో జవాబులు చెల్లవని గుర్తించడానికి సెషన్‌లో ఒక వెర్షన్ నంబర్ పెట్టుకోండి, లేకపోతే ప్లాన్ మార్చిన కస్టమర్‌కు పాత రూలే నడుస్తుంది.

కౌంటర్ల దగ్గర ఇంకో మాట. రెండు కోర్లు రాసే కౌంటర్లు ఒకే క్యాష్ లైన్‌లో ఉంటే ఆ లైన్ రెండు కోర్ల మధ్య బంతిలా తిరుగుతుంది. కోర్‌కో కౌంటర్ పెట్టి, 64 బైట్ల హద్దు మీద సర్ది, చదివేటప్పుడు కూడండి.

ఎంటీయూకీ (ఒక లింక్ మోయగల అతి పెద్ద ప్యాకెట్ సైజు) వేగానికీ సంబంధం ఉందా?

ఉంది. ఐపీవీ4 మీద జీటీపీ-యూ చుట్టడానికి ఐపీకి 20, యూడీపీకి 8, జీటీపీకి 8, మొత్తం 36 బైట్లు. 5జీలో అదనపు హెడర్‌తో 44. ఫోన్ 1,500 బైట్ల ప్యాకెట్ పంపితే అది 1,536 లేదా 1,544 అవుతుంది, 1,500 లింక్ మీద రెండు ముక్కలవుతుంది. రెండో ముక్కలో యూడీపీ హెడర్ ఉండదు కాబట్టి ఆర్ఎస్ఎస్ దాన్ని వేరే క్యూలో పడేయొచ్చు. ఆ రెండింటినీ వెతికి అతికించడం గేట్‌వేకు పెద్ద శిక్ష.

రవాణా నెట్‌వర్క్‌లో పెద్ద ఎంటీయూ పెట్టించుకోవడమే సరైన మందు. కుదరకపోతే ఫోన్‌కు తక్కువ ఎంటీయూ చెప్పాలి. 3జీపీపీ సూచించిన 1,358 ఇందుకోసమే. టీసీపీ ఎంఎస్ఎస్ (ఒక ప్యాకెట్‌లో పెట్టే డేటా పరిమితి) తగ్గించడం కూడా చేస్తారు, కానీ అది యూడీపీ మీద నడిచే క్విక్ ట్రాఫిక్‌ని ముట్టుకోదు.

కంటైనర్లను నడిపే కుబర్నెటిస్‌లో పెడితే వేగం తగ్గుతుందా?

కంటైనర్ వల్ల తగ్గదు, అశ్రద్ధ వల్ల తగ్గుతుంది. సీపీయూ మేనేజర్ స్టాటిక్ పాలసీ, పూర్తి సంఖ్యలో కోర్లు అడిగే గ్యారంటీడ్ పాడ్, టోపాలజీ మేనేజర్‌లో ఒకే న్యూమా నోడ్ నియమం, పాడ్‌కు అదనపు నెట్‌వర్క్ ఇచ్చే మల్టస్ ద్వారా ఎస్ఆర్-ఐఓవీ ఇంటర్‌ఫేస్ (కార్డులో ఒక వాటా). ఈ నాలుగూ ఉంటే నేరుగా సర్వర్ మీద నడిపినదానికి దగ్గరగా వస్తుంది.

స్మార్ట్‌నిక్ (ప్యాకెట్ల పని తానే చేయగల నెట్‌వర్క్ కార్డు) కొనేస్తే సమస్య తీరిపోతుందా?

కొంతవరకు. ఎక్కువ ట్రాఫిక్ మోసే కొద్ది ఫ్లోలను కార్డుకు అప్పగించి, మిగతావి సాఫ్ట్‌వేర్‌లో ఉంచే పద్ధతి బాగుంటుంది. పీ4 భాషలో ప్రోగ్రామ్ చేసే స్విచ్ చిప్‌లలో వేగం అద్భుతం, కానీ చిప్ లోపలి మెమరీ పరిమితం. లక్షల సెషన్లు పట్టవు, నిద్రలో ఉన్న ఫోన్‌కొచ్చే ప్యాకెట్లను దాచే చోటు ఉండదు. పైగా ఒకే చిప్‌ని నమ్ముకోవడంలో ప్రమాదం ఉంది. అలాంటి చిప్ టొఫినో. దాని కొత్త తరాల అభివృద్ధిని ఇంటెల్ 2023లో ఆపేసింది. దాని మీద ఏళ్ల తరబడి కోడ్ రాసినవాళ్ల సంగతి ఆలోచించండి.

లక్షల ఫోన్లు ఒకేసారి కనెక్ట్ అయినప్పుడు, అప్పటికే ఉన్నవాళ్ల ప్యాకెట్లు కూడా ఎందుకు పోతాయి?

సెషన్ పెట్టే పని, ప్యాకెట్లు పంపే పని ఒకే టేబుల్‌ని ముట్టుకుంటాయి కాబట్టి. సెషన్ రాసేవాడు లాక్ వేస్తే చదివే వర్కర్లందరూ ఆగుతారు. ఆర్‌సీయూ పద్ధతిలో, అంటే కొత్త కాపీ సిద్ధం చేసి ఒక్కసారిగా మార్చేలా రాస్తే చదివేవాళ్లు ఆగనక్కర్లేదు. పాత సెషన్ మెమరీని వర్కర్లందరూ ఒక విడత పూర్తిచేశాకే వదలాలి. పీఎఫ్‌సీపీ మెసేజ్‌లకు ప్రత్యేకంగా ఒక కోర్ ఇవ్వండి.

ఇంకో గుంట ఉంది. నడుస్తుండగా హ్యాష్ టేబుల్ సైజు పెరగడం. 10 లక్షల ఎంట్రీలను కొత్త చోటికి మార్చే లోపు రింగ్‌లు చాలాసార్లు నిండిపోతాయి. గరిష్ఠ సెషన్లకు సరిపడా మొదట్లోనే కేటాయించేయాలి.

టెస్ట్ ఎలా చేయాలి? ఏ సంఖ్యని నమ్మాలి?

"100 గిగాబిట్ దాటాం" అన్న మాట ఒక్కటే వింటే నేను నమ్మను. ఏ ప్యాకెట్ సైజుతో, ఎన్ని సెషన్లతో, ఎంత డ్రాప్‌తో అని అడుగుతాను. 1,500 బైట్ల ప్యాకెట్లు, 100 సెషన్లతో ఎవరైనా దాటగలరు, సెషన్లన్నీ క్యాష్‌లోనే ఉంటాయి కదా. 10 లక్షల సెషన్ల మధ్య యాదృచ్ఛికంగా తిప్పి కొట్టండి. సైజులకు కనీసం ఐమిక్స్ మిశ్రమం వాడండి. సాదా ఐమిక్స్‌లో చిన్నవి 7, మధ్యవి 4, పెద్దవి 1 చొప్పున, సగటు ఐపీ సైజు 340 బైట్లు. ట్రెక్స్ లాంటి ట్రాఫిక్ జనరేటర్ ఇందుకు చాలు. పరీక్ష నడుస్తుండగా సెకనుకు కొన్ని వందల సెషన్లు పెడుతూ తీస్తూ ఉండండి. నిజం నెట్‌వర్క్ ఎప్పుడూ నిలకడగా ఉండదు.

ఒకసారికి ఒక్కటే మార్చండి.

నా దగ్గర పాత ల్యాప్‌టాప్ మాత్రమే ఉంది. ఎక్కడ మొదలుపెట్టను?

ఓపెన్5జీఎస్, దాంతోపాటు ఉత్తుత్తి ఫోన్‌లా, టవర్‌లా నడిచే యూఈరాన్‌సిమ్ పెట్టుకుంటే సెషన్ మొదలు నుంచి చివరిదాకా ఎలా నడుస్తుందో చూడొచ్చు. వైర్‌షార్క్‌లో 2152 పోర్ట్ పట్టుకుని టన్నెల్ లోపలి ప్యాకెట్‌ని మీ కళ్లతో చూడండి. డీపీడీకేకి ఖరీదైన కార్డు అక్కర్లేదు, కార్డు లేకుండా నడిచే నల్ డ్రైవర్‌తో దాని పరీక్ష ప్రోగ్రామ్ టెస్ట్‌పీఎండీ నడుస్తుంది.

దానికన్నా ముందు ఒక సాయంత్రం ఈ పని చేయండి. సీ భాషలో 512 బైట్ల స్ట్రక్చర్, 10 లక్షల ఎంట్రీల అరే. యాదృచ్ఛికంగా కోటి సార్లు ఒక్కో ఎంట్రీలోని కౌంటర్‌ని పెంచి టైమ్ చూడండి. యాదృచ్ఛిక నంబర్లు ముందే తయారుచేసి పెట్టుకోండి, లేకపోతే వాటి టైమే కొలిచినట్టవుతుంది. తర్వాత 32 చొప్పున తీసుకుని ముందు ప్రీఫెచ్ వేసి, ఆపైన కౌంటర్లు పెంచండి. మూడోసారి హ్యూజ్‌పేజీలతో. బ్యాచ్‌ని 4, 8, 16 చేసి మళ్లీ కొలవండి. వచ్చిన నానోసెకన్లన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకుని, పైన రెండో ప్రశ్నలో ఉన్న 576 పక్కన పెట్టి చూడండి.